కొత్త వెర్షను, కిటికీ పక్క బెడ్డు

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ ఆమె కంప్యూటరమ్మ. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే కంప్యూటరమ్మ, ఫ్యాను తిరక్కపోయినా కంప్యూటరమ్మే. ఫ్యానుకూ తనకూ సంబంధం లేదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, చివరికి ఆమె ఫ్యాన్లు కూడా చూడడం మొదలుపెట్టింది.

అసలు ఆమె పని ప్రోగ్రాములు రాయడం. ఇంకా నిజం చెప్పాలంటే, ఎప్పుడో ఎవరో రాసి చేతులు దులుపుకుని వెళ్ళిపోయిన ప్రోగ్రాములు పడిపోకుండా పట్టుకుని నిలబడడం. వాటిలో డయాలసిస్ వార్డుది ఒకటి. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళు రోజు విడిచి రోజు వచ్చి, మెషిన్ పక్కన గంటల తరబడి పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తారు. ఆ రోజు ఎవరెవరు వస్తారో, ఎవరికి ఏ బెడ్డో పొద్దున్నే తేల్చి వార్డులో తెర మీద చూపించడం ఆ ప్రోగ్రాము పని. అలా వచ్చేవాళ్ళలో ఆమె మామగారు ఒకరు.

మామగారు లిఫ్టు మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మనిషి. కోడలు ఆయన్ను వార్డు తలుపు దాకా తీసుకెళ్ళి దిగబెట్టి, వెనక్కి చూడకుండా తన గదికి వెళ్ళిపోయేది. ఆమెకు సూదులంటే భయం. లోపల ఆయన ఎక్కడ పడుకుంటారో, పక్కన ఎవరుంటారో ఆమె ఏనాడూ చూడలేదు.

ఇలా ఉండగా ఆ ప్రోగ్రాము రాసిన కంప్యూటరు భాషకు కొత్త వెర్షను వచ్చింది. పాతదానికి ఇక మరమ్మతులు చెయ్యబోమని ఆ భాష తయారుచేసేవాళ్ళు తెగేసి చెప్పారు. మేనేజరుగారికి భాషంటే ఏమిటో, వెర్షనంటే ఏమిటో తెలియకపోయినా భయపడడం మాత్రం బాగా తెలుసు. "మార్చెయ్యమ్మా, నువ్వున్నావుగా" అని భారం ఆమె మీద పడేసి తన పని చూసుకున్నాడు.

ఆమెకూ సరదాగానే ఉంది. భోజనం చేస్తూ కొత్త విశేషాల పట్టీ చదివింది. పాత వెర్షను తప్పు దొరికితే మొహాన కొట్టినట్టు ఒక్క ముక్క అనేసి ఊరుకునేది. కొత్తది అలా కాదు. ఏ లైనులో ఎక్కడ పొరబాటు జరిగిందో చూపించి, 'మీరు ఇలా రాయబోయారా?' అని అడుగుతుంది. ఇంత మర్యాద తనకు ఇంట్లో కూడా దొరకదనుకుని నవ్వుకుంది. పని వేగం పెరిగిందట. నాలుగు లైన్లలో రాసేది ఒక్క లైనులో రాయొచ్చట. అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి కూడా ఉంది గానీ, అప్పటికే ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

కొత్త వెర్షను పెట్టింది. పరీక్షించింది. ఎవరికీ బెడ్డు లేకుండా పోలేదు, ఒక బెడ్డు మీదికి ఇద్దరు రాలేదు. హమ్మయ్య అనుకుంది.

మర్నాడు పొద్దున్నే వార్డు నుంచి ఫోను. పెద్ద సిస్టరు.

"కంప్యూటరమ్మా, ఏం మార్చావమ్మా?"

"ఏం మార్చలేదు సిస్టర్."

"ఏం మార్చకపోతే అందరూ అటూ ఇటూ ఎలా అయిపోయారు? ఒక్కళ్ళకి కూడా వాళ్ళ బెడ్డు రాలేదు."

"వాళ్ళ బెడ్డంటే? ఎవరికైనా ఫలానా బెడ్డని ఉందా?"

"ఎప్పుడూ వచ్చేది వస్తుంది కదా!"

"ఎప్పుడూ అదే ఎందుకొచ్చేది?"

"నన్నడుగుతావేంటమ్మా, ప్రోగ్రాము నీదా నాదా?" అని సిస్టరు ఫోను పెట్టేసింది.

ఆమె ప్రోగ్రాము తెరిచింది. ఫలానా మనిషికి ఫలానా బెడ్డు అనే ఆజ్ఞ ఎక్కడుందో చూద్దామని కోడంతా మొదటినుంచి చివరిదాకా వెతికింది. లేదు. మళ్ళీ వెతికింది. లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? ప్రోగ్రామును తన గదిలోనే నడిపి చూసింది. ఒక వరుస వచ్చింది. ఆపి మళ్ళీ నడిపితే ఇంకో వరుస. మూడోసారి మరొకటి. ఒకే ప్రోగ్రాము, అవే పేర్లు, పూటకో మాట చెప్తోంది.

మేనేజరుగారికి చెబితే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "ఏ బెడ్డయితే ఏమ్మా? అన్ని మెషిన్లూ ఒకటే, అన్ని దుప్పట్లూ ఒకటే." డాక్టరుగారిదీ అదే మాట. అంటురోగాలున్నవాళ్ళకు ఎలాగూ వేరే గది ఉంది కాబట్టి, మిగతావాళ్ళు ఎక్కడ పడుకున్నా వైద్యానికి తేడా లేదన్నాడు. మరి తేడా లేనిదానికి వార్డంతా ఎందుకు అట్టుడికిపోతోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ గందరగోళంలో ఉండగానే ఇంట్లో ఇంకొకటి మొదలైంది. కొత్త వెర్షను పెట్టాక రెండుసార్లు వార్డుకు వెళ్ళొచ్చిన మామగారు, మూడోసారి పొద్దున్న మంచం దిగలేదు.

"నేను రానమ్మా" అన్నారు.

"ఒంట్లో బాగాలేదా మామయ్యా?"

"బాగానే ఉంది."

"మరి?"

"వెళ్ళాలని లేదు."

అంతే. కోపంగా అన్నా బాగుండేది, ఎదురు చెప్పొచ్చు. ఆయన ఎంతో మెత్తగా, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పారు. ఆ పైన అటు తిరిగి పడుకున్నారు. ఆమె భర్త బతిమాలాడు, కేకలేశాడు, "నీకేం పట్టింది నాన్నా?" అని తల పట్టుకున్నాడు. ఏం పట్టిందో చెప్పే మనిషైతే కదా.

డాక్టరుగారు ఫోనులో నాన్చకుండా చెప్పాడు. ఒకసారి మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది. రెండోసారీ మానేస్తే గుండె మీదికి వస్తుంది. మర్నాటికి మామగారి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. ఆయన మాత్రం ఆ గుంటను వింతగా చూసి, పాదం దుప్పట్లోకి లాక్కున్నారు.

ఆ తరువాతి వంతు నాడు కూడా ఆయన రానన్నారు. భర్తను కాపలా పెట్టి ఆమె ఒక్కతే ఆసుపత్రికి పరుగెత్తింది. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. సూదుల భయం ఎటుపోయిందో, తిన్నగా వార్డులోకి వెళ్ళిపోయింది.

పొడుగాటి గది. ఈ కొసన సిస్టర్ల బల్ల, ఆ కొసన కిటికీ, మధ్యలో ఒక వరుసలో బెడ్లు. అందరికీ మెషిన్లు తగిలించేశారు. సిస్టర్ల బల్ల పక్కనున్న మొదటి బెడ్డు ఒక్కటే ఖాళీ. ఆ పూట ప్రోగ్రాము మామగారికి ఇచ్చింది అదే.

మధ్య బెడ్డు మీంచి ఒక పెద్దావిడ చెయ్యి ఊపింది. బట్టలు కుట్టే మనిషి. వార్డులో అందరూ టైలరమ్మ అంటారు.

"ఏమ్మా, నువ్వేనా లిఫ్టాయన కోడలివి? ఆయనేడీ? బానే ఉన్నాడా?" గొంతు గట్టిగానే ఉంది గానీ కళ్ళు బెదురుతున్నాయి.

"రానంటున్నారండీ. ఎందుకో చెప్పట్లేదు. మీకేమైనా తెలుసా?"

"ఎందుకేంటి? ఆ బెడ్డు వేశాక ఎవరొస్తారమ్మా?"

"ఏ బెడ్డు?"

టైలరమ్మ సూది లేని చేత్తో మొదటి బెడ్డు వైపు చూపించింది. "ఇక్కడే పనిచేస్తావు, నీకు తెలీదా? ఈ గదిలో ఎవర్నడిగినా చెప్తారు. మనిషికి బాలేకపోతే సిస్టర్లు వాళ్ళ కళ్ళ ముందుండాలని ఆ బెడ్డు మీదికి మార్చేస్తారు. డ్రాయింగు టీచరమ్మని అలాగే మార్చారు, నెల తిరక్కుండా పోయింది. ఆ తర్వాత లాయరుగారిని. ఆయనా అంతే. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కిటికీ వైపు రాలేదు."

అది నిజమేనని బల్ల దగ్గరి సిస్టరు కూడా తలూపింది. మరీ బాగాలేనివాళ్ళను సిస్టర్లే సొంతంగా అటు మార్చేవాళ్ళు. దానికి ప్రోగ్రాముతో పని లేదు.

"ఆయన ఎప్పుడూ కిటికీ పక్క, నేను ఆయన పక్క. కీచులాడుకోని రోజు లేదనుకో. అలాంటిది మొన్నామధ్య ఒకరోజు వచ్చేసరికి తెర మీద ఆయనకి మొదటి బెడ్డు. తర్వాతి వంతుకీ అక్కడే, దాని పక్క రెండోది. ఇంకేముంది, ఆ పూటంతా నోరు విప్పలేదు" అంది టైలరమ్మ. "నా సంగతి చూడు. ఓరోజు బల్ల వైపు, ఓరోజు నట్టనడుమ. నేను బాగుపడుతున్నానో పాడైపోతున్నానో నాకే తెలీట్లేదు. అదుగో, ఆ పెద్దమనిషికి మొన్న మొదటి బెడ్డు వచ్చిందని కొడుకులందర్నీ పిలిపించుకుని ఒకటే ఏడుపు. ఇవాళేమో కిటికీ పక్క వచ్చింది. వచ్చినవాళ్ళు వెళ్ళాలో ఉండాలో తెలీక వరండాలో కూర్చున్నారు."

నిజంగానే వరండాలో ఇద్దరు మగవాళ్ళు మొహమొహాలు చూసుకుంటూ కూర్చుని ఉన్నారు. కంప్యూటరమ్మకు వాళ్ళ మొహం చూసే ధైర్యం చాలక తన గదికి వెళ్ళి, చిన్న అక్షరాలతో సహా ఆ పట్టీ మళ్ళీ తెరిచింది.

ఈసారి దొరికింది. ఆ భాషలో సంచిలాంటిది ఒకటుంది. పేర్లన్నీ అందులో పడేసి మళ్ళీ ఒక్కొక్కటే తియ్యొచ్చు. వాటిని ఫలానా వరుసలో తీసిస్తానని ఆ భాష ఏనాడూ మాటివ్వలేదు. కాకపోతే పాత వెర్షనుకు అవే పేర్లు వేస్తే అదే వరుసలో తియ్యడం అలవాటు. ఆ అలవాటును జనం మాట అనుకుంటున్నారని, ఈసారి కావాలనే ప్రతిసారీ పేకముక్కలు కలిపినట్టు వరుస మార్చేస్తున్నామని రాశారు. ఇన్నాళ్ళూ ఎవరి బెడ్డు వాళ్ళకు వచ్చిందంటే, ఎవరో ఆలోచించి ఇచ్చినందుకు కాదు. సంచి అలా ఇచ్చింది, అంతే. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆమె ఇంటికి పరుగెత్తింది.

మామగారు దిండు మీద కాళ్ళు పెట్టుకుని పడుకుని ఉన్నారు. ఆయాసపడుతున్నారు. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. బెడ్డు మారినదానికి అర్థం లేదు, మీ ఒంటికీ దానికీ సంబంధం లేదు, కొత్త వెర్షను వచ్చి వరుస తారుమారు చేసింది, ఎవరూ ఏమీ నిర్ణయించలేదు.

ఆయన ఓపిగ్గా విన్నారు.

"లిఫ్టు దానంతటది ఏ అంతస్తులోనూ ఆగదమ్మా" అన్నారు చివరికి. "ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. నా బతుకంతా అదే పని. దయ్యం నొక్కిందని హడలిపోయి పిలిచేవాళ్ళు. వెళ్ళి చూస్తే ఎవడో ఆకతాయి అన్ని బటన్లూ నొక్కి పోయుండేవాడు. నొక్కకుండా ఆగిన లిఫ్టుని నేను చూళ్ళేదు."

"ఇది లిఫ్టు కాదు మామయ్యా."

"మిషనే కదా."

చెప్పి ఒప్పించలేనని ఆమెకు అర్థమైంది. లాప్‌టాప్ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టింది. ప్రోగ్రాము నడిపింది. ఆయన మధ్యలో వచ్చారు. ఆపి మళ్ళీ నడిపింది. రెండో బెడ్డు. మళ్ళీ నడిపితే కిటికీ పక్క. మళ్ళీ నడిపితే సిస్టర్ల బల్ల పక్క.

"నువ్వేం నొక్కావు?"

"అన్నిసార్లూ ఒకటే బటన్ మామయ్యా. మీరే నొక్కండి."

ఆయన నొక్కారు. టైలరమ్మ మొదటి బెడ్డుకు వచ్చింది. కంగారుపడి వెంటనే మళ్ళీ నొక్కారు. ఆవిడ కిటికీ దగ్గరికి పోయింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నారు. నొక్కిన కొద్దీ ఆయన మొహంలో అయోమయం పెరిగిందే గానీ ఊరట కనబడలేదు. ఇంతసేపూ బాధగా ఉన్న మనిషి ఇప్పుడు ఎవరో ఏదో లాక్కున్నట్టు చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ నన్ను కిటికీ పక్కన పెట్టింది ఎవరు?"

"ఎవరూ కాదు మామయ్యా."

"నువ్వు కాదా?"

ఆమె తెర మీంచి తలెత్తి ఆయన వైపు చూసింది.

"నువ్వే పెట్టావనుకున్నాను" అన్నారాయన. "ప్రోగ్రాము మా కోడలిదని అందరికీ చెప్పుకున్నాను కూడా. నాకు బయటికి చూడ్డం ఇష్టమని, ఒక్కణ్ణీ ఉంటే తోచదని, ఆ వసపిట్ట టైలరమ్మను తెచ్చి పక్కన వేశావనుకున్నాను. నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పుకోకుండా చేసేవి కొన్నుంటాయి కదా అనుకున్నాను."

ఆయన ఆయాసం తీర్చుకుని, మళ్ళీ అన్నారు.

"ఆ రోజు మొదటి బెడ్డు చూసి కూడా నువ్వే అనుకున్నాను. నా రిపోర్టు నీ కంటపడి ఉంటుంది, మొహం మీద చెప్పలేక ఇలా చెప్పావనుకున్నాను. పాపం, నిన్ను ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని…"

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆయన తన మీద కోపంతో మానేశారనుకున్నా ఇంత బాధపడేది కాదు. తనకు ఇబ్బంది లేకుండా చెయ్యడానికి చచ్చిపోదామనుకున్నారు. అవును నేనే పెట్టాను అని ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోయేది. కానీ కిటికీ పక్క పెట్టింది తనేనంటే, బల్ల పక్క పెట్టిందీ తనే అవుతుంది.

"నేను పెట్టలేదు మామయ్యా. దేవుడి సాక్షిగా, మీరు ఎక్కడ పడుకుంటారో కూడా నాకు తెలీదు. ఇవాళే మొదటిసారి లోపలికెళ్ళి చూశాను. మీ రిపోర్టు కూడా నేనెప్పుడూ చదవలేదు."

ఆయన వేలు ఆ బటన్ మీదే ఉంది గానీ నొక్కలేదు. లాప్‌టాప్‌ను ఆమె వైపు తోశారు.

"అయితే ఇప్పుడు పెట్టు" అన్నారు.

ఆమె పైట చెంగుతో ముక్కు తుడుచుకుని కోడు తెరిచింది. సంచి తీసేసి, ఎవరి బెడ్డు వాళ్ళకు పేరు పెట్టి రాయడం మొదలుపెట్టింది. మొదట ఆయనదే రాసింది. పక్కన టైలరమ్మ పేరు రాయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగమ్మా. ఆవిడ్ని అడగాలి. నా పక్కన పడుకోవడం ఇష్టమో కాదో ఆవిడ్ని ఎవరూ అడిగినట్టు లేరు."

వార్డుకు ఫోను చేసి టైలరమ్మకు ఇమ్మంటే, ఆవిడ గొంతు గదంతా వినబడింది. "ఇష్టమేంటి నా మొహం! నా పక్కనున్నాయన గురకకి చెవులు పడిపోతున్నాయి. ఆ ముసలాయన్ని రమ్మను. తిట్టడానికి మనిషి లేక మొన్నంతా నోరు కట్టేసినట్టుంది నాకు."

మామగారు తల పంకించి, రాయమన్నట్టు చెయ్యి ఊపారు. ఆమె రాసింది. ఆయన ఊరుకోలేదు. కొత్తగా బాగుచేసిన లిఫ్టును జనం ఎక్కకముందు ఖాళీగా పైకీ కిందికీ తిప్పి చూసినట్టు, నడుపు అన్నారు, మళ్ళీ నడుపు అన్నారు. ఎన్నిసార్లు నడిపినా కిటికీ పక్క ఆయనే, ఆయన పక్క ఆవిడే.

"ఇది వచ్చే వంతు నుంచి మామయ్యా" అంది ఆమె భయంభయంగా. "ఇవాళ అందరికీ మెషిన్లు పెట్టేశారు."

ఆయన "నా రిపోర్టు ఎలా ఉంది?" అని అడిగారు. "ఏదున్నా నోటితో చెప్పు."

ఆమె అక్కడే, ఆయన ముందే డాక్టరుగారికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. "రిపోర్టుకేం? మొన్నటిదాకా బానే ఉంది. మానేసిందానికే భయపడుతున్నాను. ఇవాళ కూడా రాకపోతే నేనేం చెప్పలేను" అన్నాడు డాక్టరుగారు. "వెంటనే తీసుకురండి. సిస్టర్ల బల్ల పక్క బెడ్డు ఒక్కటే ఖాళీ ఉంది. ఎక్కడున్నారసలు?"

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నారు. భర్త ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఆ బెడ్డు ఎవరు వేశారమ్మా?" అన్నారు మామగారు మెల్లగా.

"ఎవరూ వెయ్యలేదు మామయ్యా. మిగిలింది."

ఆయన దిండు మీంచి కాళ్ళు ఒక్కొక్కటే కిందికి దించారు. ఫోను దగ్గరికి వంగి, "దారిలోనే ఉన్నాం డాక్టరుగారూ" అన్నారు. చెప్పుల్లో పాదాలు పట్టక కొడుకు చెప్పులు అడిగి తొడుక్కున్నారు.